తెల్లగా వెలిగిన అబద్ధం

"డాడీ, కదలకండి" అంటూ హెప్సిబా తండ్రి తల మీద టోపీ సర్ది, గడ్డం కింద పట్టీ బిగించింది.

కృపావరం అయ్యగారు ఆదివారం పూట మైకు లేకుండానే చర్చి చివరి బెంచీ దాకా వినిపించేలా ప్రసంగం చెప్పే మనిషి. అలాంటి మనిషి ఆ ల్యాబులో, స్టూలు మీద, గుండు గీయించుకోడానికి కూర్చోబెట్టిన పిల్లాడిలా బిగుసుకుపోయారు.

"ఇప్పుడు మీరు చెయ్యాలనుకున్నది పైకి చెప్పండి. అమ్మని తలచుకుంటూ చెప్పండి."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "సలోమికి జబ్బు సంగతి చెప్పను. కడుపులో గడ్డ కాలేయం దాకా పాకిందని చెప్పను. అది పుండేననీ, మందులతో మానిపోతుందనీ చెప్తాను. చివరిదాకా అదే మాట మీద ఉంటాను."

టేబుల్ మీద కొబ్బరికాయంత గాజుగోళం ఉంది. దాని అడుగున కాస్త ఎరుపు మిణుక్కుమంది, పసుపుగా మారింది, ఇంతలో ఉన్నట్టుండి గది గోడల మీద నీడలు లేచేంత తెల్లగా వెలిగింది! అంత తెలుపు హెప్సిబా ఎప్పుడూ చూడలేదు. ఆ దీపాన్ని తయారుచేసినవాళ్ళలో ఆమె ఒకతె అయి ఉండి కూడా చూడలేదు.

"హల్లెలూయ!" అన్నాడు డాక్టర్ ఎలీషా, చప్పట్లు కొట్టినంత పని చేసి. "చూశారా అయ్యగారూ? ఇందులో 'నేను' అన్నదే లేదు. మొత్తం ఆవిడే."

అయ్యగారు కళ్ళు తెరిచి ఆ వెలుగు చూసి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు.

గోదావరి గట్టు మీదున్న ఆ కరుణాలయం ఆసుపత్రిలో అందరూ దాన్ని దీపం అనే పిలిచేవారు. మొదట కనిపెట్టింది హెప్సిబాయే. బిడ్డ మోకాలికి తగిలిన దెబ్బ మీద ఊదే తల్లి మెదడులో, "నేను, నేను" అని ఎప్పుడూ గొణిగే చోటొకటి ఉన్నట్టుండి నోరు మూసుకుంటుంది. ఆ నిశ్శబ్దాన్ని ఆమె పట్టుకుంది. దానికి గాజుగోళం తగిలించి, ఆసుపత్రిలోకి నడిపించుకొచ్చింది మాత్రం ఎలీషా. మనిషి తన నిర్ణయం చెప్తున్నప్పుడు 'నేను' గోల పెడితే ఎరుపు, ఊరుకుంటే తెలుపు. అంతే!

ఇదివరకు రోజుల్లో రోగికి అబద్ధం చెప్పాలన్నా, ఏ నియమం తప్పాలన్నా సంఘ పెద్దలు కూర్చుని గంటలకొద్దీ వాదించుకునేవారు. ఇప్పుడు టోపీ పెట్టుకుంటే చాలు. మొదటి కేసు హెప్సిబాకి బాగా గుర్తు. మొగుడు కత్తి పట్టుకుని వెతుకుతున్న ఒక పిల్లని పిల్లల వార్డులో దాచి, ఆ మొగుడి మొహం మీదే "ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ లేరండి" అని చెప్పిన నర్సుకి దీపం పాలలా వెలిగింది. ఆ రోజు ఆసుపత్రంతా పండగే. చర్చిలో దేవుడు చేసిన మేలని అది సాక్ష్యంగా కూడా చెప్పుకున్నారు.

"ఆజ్ఞలు పాత పటాల్లాంటివమ్మా" అనేవాడు ఎలీషా. "ఏరు దారి మార్చుకున్నాక పటం చూసి పడవ నడుపుతామా? ఎక్కడికక్కడ, ఎప్పటికప్పుడు, ప్రేమ ఏం చెయ్యమంటే అదే ధర్మం."

టోపీ పెట్టుకునే ముందు అయ్యగారికి మాత్రం అబద్ధమాడొద్దన్న ఆ ఒక్క ఆజ్ఞ గొంతులో అడ్డం పడింది. రెండు రోజులు ఉపవాసం ఉండి, ఆఖరికి తనే దారి వెతుక్కున్నారు. "అబద్ధ సాక్ష్యం పొరుగువాడి మీద పలకొద్దన్నారు. పొరుగువాడి కోసం పలకొద్దని అనలేదు కదమ్మా" అన్నారు కూతురితో. నలభై ఏళ్ళు వాక్యం చెప్పిన మనిషి తప్ప ఇంకొకరు వెతకలేని సందు అది. హెప్సిబాకి అప్పుడు అది గొప్పగా అనిపించింది కూడా.

*

పాస్టరు బంగళా వంటింట్లో సలోమి ముక్కాలిపీట మీద కూర్చుని చింతచిగురు నలుపుతోంది. నిలబడే ఓపిక లేదు గానీ రొయ్యల కూర మాత్రం ఇంకొకరి చేతికి ఇవ్వదు.

"ఏంటే, మీ డాడీకి కూడా ఆ బోర్లించిన గిన్నె పెట్టావంటగా? ఏమన్నా కనపడిందా లోపల?"

"చాలా కనపడింది" అంది హెప్సిబా.

"కనపడుద్ది. పెళ్ళైన కొత్తలో నాకు కనపడాల్సింది. ప్రసంగం రాసుకుంటూ పొయ్యి మీద పాలు పొంగబెట్టిన మనిషి." సలోమి నవ్వబోయి, కడుపు పట్టుకుని ఆగింది. నొప్పి దాటాక మళ్ళీ చిగురు నలిపింది. "ఈస్టరుకి కుదుటపడతానంటారా మీ డాక్టర్లు?"

"పడతావమ్మా."

"అయితే ఈస్టరయ్యాక ధవళేశ్వరం వెళ్తా."

హెప్సిబా చేతిలో గ్లాసు ఆగిపోయింది. ధవళేశ్వరంలో ఉండేది ఎస్తేరు పిన్ని, అమ్మకి ఒక్కగానొక్క చెల్లెలు, నర్సుగా చేసి రిటైరైంది. హెప్సిబా పదో తరగతిలో ఉన్నప్పుడు అమ్మమ్మకి క్యాన్సరొచ్చింది. ఇంట్లో అందరూ దాస్తుంటే, "అడిగింది, చెప్పాను. తెలుసుకునే హక్కు ఆమెది" అని చెప్పేసింది ఎస్తేరు. ఆ పూట నుంచీ అమ్మమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ముద్ద ముట్టలేదు, ఎవరితో మాట్లాడలేదు, అలాగే పోయింది. సమాధుల తోటలో అందరి ముందూ సలోమి చెల్లెలి మొహం మీద, "నువ్వే చంపావే అమ్మని" అంది. అంతే, ఆ తర్వాత మాటల్లేవు.

మాటలు లేకపోవడంతో ఆగలేదు అది. తోడబుట్టినదాని మీద పగ పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గరికి, అంటే చర్చిలో పంచే రొట్టె, ద్రాక్షరసం తీసుకోడానికి, వెళ్ళకూడదని ఆ సంఘంలో పట్టింపు. సలోమి అప్పటినుంచీ రొట్టె తీసుకోలేదు. నెలనెలా అయ్యగారు పళ్ళెం పట్టుకుని నిలబడతారు, ఊరంతా లేచి వెళ్తుంది, ఆయన పెళ్ళాం మాత్రం మొదటి బెంచీలో తల వంచుకుని కూర్చునే ఉంటుంది. జనం ఎన్ని అనుకున్నా ఆమె దొంగతనంగా ఒక్కసారి కూడా చెయ్యి చాపలేదు.

"ఈస్టరు దాకా ఎందుకమ్మా? పిన్నికి ఇప్పుడే ఫోన్ చేస్తా" అంది హెప్సిబా.

"నోర్ముయ్. నేను నడిచి వెళ్ళాలి దాని గుమ్మంలోకి. ఈ పీక్కుపోయిన మొహం వేసుకుని వెళ్తే జాలిపడి క్షమించేస్తుంది. దాని జాలి ఎవడిక్కావాలి? ఒంట్లో కాస్త రక్తం పట్టాక వెళ్తా. అది నాలుగు తిట్టాలి, నేను నాలుగు తిట్టాలి, అప్పుడు ఏడవాలి. తర్వాత వచ్చే ఆదివారం మీ డాడీ చేతి రొట్టె తింటా. ఆ రొట్టె తినకుండా పోతానేమోనని ఎంత భయపడ్డానో తెలుసా, ఈ కడుపునొప్పి వచ్చాక?" చిగురు దుమ్ము ఊదేసి, తేలిగ్గా అంది. "పుండే కాబట్టి బతికిపోయాను."

*

హెప్సిబా పరుగున ల్యాబుకి వెళ్ళిపోయింది.

"సర్, అమ్మకి చెప్పాలి. టైము లేదని తెలిస్తే రేపే వెళ్తుంది పిన్ని దగ్గరికి. తెలీదు కాబట్టే వాయిదా వేస్తోంది!"

ఎలీషా కళ్ళజోడు తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. జీతం లేకుండా పల్లెల్లో క్యాంపులు పెట్టేవాడు, రోగి పోతే తలుపేసుకుని ఏడ్చేవాడు. "మీ అమ్మమ్మ సంగతి మర్చిపోయావా?"

"లేదు. కానీ..."

"కానీ ఏముందమ్మా? కూర్చో. టోపీ పెట్టుకో. మన ఇద్దరి అభిప్రాయాలెందుకు?"

కూర్చుంది. అమ్మని తలచుకుంది. పీట మీద కూర్చున్న అమ్మ, ఆకుపచ్చ అంటుకున్న వేళ్ళు. "అమ్మకి నిజం చెప్తాను" అంది.

గోళం ఎర్రబడింది. మామూలు ఎరుపు కాదు, ఎండుమిరపకాయ ఎరుపు. లోపల 'నేను' గోలగోలగా అరుస్తోంది.

"ఇప్పుడు రెండోది చెప్పు."

"చెప్పను. డాడీ మాట మీదే ఉంటాను."

ఎరుపు దిగిపోయింది. పసుపు, తర్వాత తెలుపు. తండ్రి వెలిగించినంత కాకపోయినా తెలుపే.

"చూశావా" అన్నాడు ఎలీషా మెల్లగా. "చెప్పాలన్నది నీ కోసమమ్మా. నీ గుండె మీద బరువు దింపుకోడానికి. అమ్మ కోసం కాదు."

హెప్సిబాకి సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. తను కనిపెట్టిన దీపం తన మొహం మీదే చెప్తుంటే కాదనడానికి ఆమె దగ్గర ఏముంది? ఆ సాయంత్రం తండ్రితో కూర్చుని ఇంకో సంగతి కూడా తేల్చుకున్నారు. ఎస్తేరుని అమ్మ దగ్గరికి రానివ్వకూడదు. "దాని నోట్లో నువ్వుగింజ నానదు. కళ్ళలోకి చూసి చెప్పేస్తుంది" అన్నారు అయ్యగారు. "వాళ్ళిద్దరూ కలవాలని నాకు లేదా తల్లీ? ఎన్నేళ్ళు ఆ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. కానీ సలోమి గోడవైపు తిరిగి పడుకుంటే నేను చూడలేను."

*

పిన్ని రానే వచ్చింది.

ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాలు ముగింపుకొస్తున్నాయి. అప్పటికి సలోమిని ఆసుపత్రిలో చేర్చేశారు. కారిడార్లో చేతిసంచీ పట్టుకుని, జుట్టు మొత్తం తెల్లబడిపోయి, ఎస్తేరు పిన్ని!

"ఏమే హెప్సీ, తాడిచెట్టులా అయ్యావే! అక్క ఏ రూములో ఉంది?"

"నిద్రపోతోంది పిన్నీ."

"పడుకోనీ. లేచేదాకా పక్కన కూర్చుంటాలే."

"ఎవర్నీ రానివ్వద్దన్నారు డాక్టరుగారు."

"నేను ఎవర్నా?" పిన్ని నవ్వింది. నవ్వు సగంలోనే పోయింది. "ఇక్కడ పాత స్టాఫు ఉన్నారే. ఏం జబ్బో నాకు తెలుసు. ఎక్కువ రోజులు లేవనీ తెలుసు. ఒక్కసారి పోనివ్వు."

"అమ్మకి తెలీదు పిన్నీ" అంది హెప్సిబా, దారికి అడ్డంగా నిలబడి. "తెలియనివ్వం కూడా. అమ్మమ్మకి జరిగింది అమ్మకి జరగనివ్వను."

చెంప మీద కొట్టినా పిన్ని మొహం అలా అయ్యేది కాదు. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "సరే" అంది. వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. కుర్చీలో కూర్చున్న ఆయా కుమారి, "పాపం అండీ, లోపలికి పంపాల్సిందేమో" అని గొణిగితే హెప్సిబా కసిరింది.

లోపలికి వెళ్ళేసరికి అమ్మ మెలకువగానే ఉంది. "ఎవరే బయట? ఎస్తేరు గొంతులా వినిపిస్తేను."

"కాదమ్మా. కొత్త నర్సు."

"అవున్లే" అంది సలోమి, కిటికీ వైపు చూస్తూ. "అదెందుకొస్తుంది? నేనన్న మాటకి ఎవరైనా వస్తారా? నేనే వెళ్ళాలి."

ఈస్టరుకి వారం ముందు, మట్టలాదివారం నాడు పిల్లలు తాటిమట్టలు ఊపుకుంటూ ఆసుపత్రి ముందు నుంచి హోసన్నా పాడుకుంటూ వెళ్ళారు. సలోమి దిండుకి ఆనుకుని విన్నది. పాట దూరమయ్యాక కూతురి చెయ్యి పట్టుకుంది.

"హెప్సీ, ఒక్క మాట నిజం చెప్పవే. నాకు టైముందా? లేదంటే చెప్పు, ఆటో పిలిపించు. ఈ సెలైను సీసా నువ్వు పట్టుకో. ఇలాగే ధవళేశ్వరం పోదాం. జాలి పడితే పడనీ, ఫర్వాలేదు."

ధవళేశ్వరం ఎంత దూరమని! గట్టు రోడ్డెక్కితే ఆటో ఇట్టే వెళ్ళిపోతుంది. హెప్సిబా నోరు తెరిచింది. గొంతులో ఏదో కాలింది. ఆ మంటని గుర్తుపట్టింది, మొన్న గోళంలో చూసిన ఎరుపు అదే. ఇది స్వార్థం, బరువు దింపుకోవాలన్న ఆత్రం అనుకుంది. మింగేసింది.

"బోలెడంత టైముందమ్మా."

సలోమి ఆమె మొహంలోకి చూసి, చెంప తట్టింది. "నీకు చిన్నప్పటినుంచీ అబద్ధం రాదు కాబట్టి సరిపోయింది" అంటూ కళ్ళు మూసుకుంది.

మర్నాడు తెల్లారేసరికి స్పృహ లేదు. మధ్యలో ఎప్పుడో పెదాలు కదిలాయి. "ఎస్తేరూ, తలుపు తియ్యవే. నేనే, అక్కని." ఆ మాట మళ్ళీ మళ్ళీ అంది, ఎండలో గుమ్మం ముందు నిలబడ్డ మనిషిలా విసుక్కుంటూ, బతిమాలుతూ. అయ్యగారు గబగబా రొట్టె తెచ్చి పెదాలకి తాకించబోయారు. సలోమి తల పక్కకి తిప్పేసుకుంది. తెలిసి తిప్పిందో, నొప్పికి తిప్పిందో ఎవరూ చెప్పలేరు. ఆయన చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నానికి సలోమి పోయింది.

*

సలోమి పోయాక పెట్టిన ఆదరణ కూటంలో అయ్యగారు లేచి సాక్ష్యం చెప్పారు. "నా సలోమి ఒక్క నిమిషం కూడా భయపడలేదు. దేవుడు ఆ భయాన్ని నా మీద వేసి, ఆమెని కాపాడాడు." జనం ఆమెన్ అన్నారు. వెనక వరసలో ఎలీషా కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకా చాలా మిషన్ ఆసుపత్రులు దీపం కావాలని అడుగుతున్నాయి. వాళ్ళకి చూపించడానికి ఈ కుటుంబం కంటే మంచి ఉదాహరణ లేదని ఆయన అప్పటికే అయ్యగారి దగ్గర అనుమతి తీసుకున్నాడు.

హెప్సిబా ల్యాబుకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ ఎరుపుని మళ్ళీ చూడాలి. ఎందుకో తెలీదు, చూడాలి అంతే. టోపీ పెట్టుకుంది. అమ్మకి అన్నం కలిపి పెడుతున్నట్టు తలచుకుంది. గోళం చక్కగా తెల్లబడింది. అలా తలచుకుంటూనే ఎడమచేతిని, ల్యాబు ఫ్రిజ్‌లోంచి తెచ్చి పెట్టుకున్న ఐసు గిన్నెలో ముంచింది. వేళ్ళు తిమ్మిరెక్కి, ఎముకలు సలిపి, ఇక పట్టలేననిపించేదాకా అలాగే ఉంచింది. అమ్మ మొహం మాత్రం మనసులోంచి కదలనివ్వలేదు.

గోళం ఎర్రగా అయింది. అదే మిరపకాయ ఎరుపు!

చెయ్యి తీసింది, తెలుపు. ముంచింది, ఎరుపు. నవ్వు కూడా వచ్చింది ఆమెకి, పిచ్చి నవ్వు. ప్రేమ తగ్గలేదు. నొప్పి వచ్చింది, అంతే. నొప్పి పుట్టినప్పుడు మెదడు "నేను" అనే అరుస్తుంది, ఇంకేమని అరుస్తుంది? అమ్మకి నిజం చెప్పడం నొప్పి. అందుకే ఎరుపు. చెప్పకపోవడం హాయి. అందుకే తెలుపు. డాడీ అంత తెల్లగా ఎందుకు వెలిగించారో ఇప్పుడు అర్థమైంది. ఆయన అందరికంటే ఎక్కువ ప్రేమించారు, అందరికంటే ఎక్కువ భయపడ్డారు, ఆ భయం దిగిపోతున్న సుఖానికి గది మొత్తం వెలిగిపోయింది.

ఎలీషాని పిలిచి చూపించింది. ఆయన వంగి ఆ ఐసు నీళ్ళని వేలితో తాకి చూశాడు.

"దీన్ని సరిచెయ్యాలి సర్. అప్పటిదాకా ఆపెయ్యాలి."

"నొప్పి తప్పిందన్న హాయిని లెక్కలోంచి తీసేస్తే ఎవరి దీపమూ తెల్లగా వెలగదమ్మా" అన్నాడు అలసటగా. "నొప్పి లేకుండా ఎవరొస్తున్నారు మన దగ్గరికి? వాళ్ళకి ఒక వెలుగు కావాలి. దాంతో ఇంటికెళ్ళి పడుకుంటారు. అదీ ప్రేమే కదా?"

"అబద్ధం సర్!"

"అయితే ముందు మీ నాన్నగారికి చెప్పు" అన్నాడు. కోపంగా కాదు, జాలిగానే. "ఆయన పట్టుకుని బతుకుతున్నది ఆ తెలుపొక్కటే. వెళ్ళి, అది ప్రేమ కాదండీ అని చెప్పు. చెప్పగలవా?"

చెప్పలేకపోయింది. ఇంటికి వెళ్ళింది, డాడీకి మజ్జిగ కలిపి ఇచ్చింది, చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే ధవళేశ్వరం ఆటో ఎక్కింది.

*

ఎస్తేరు పిన్ని వరండాలో పక్కింటాయనకి బీపీ చూస్తోంది. "ఆవకాయ ఆపమంటే జాడీ మార్చావంతేగా, వెళ్ళు" అని ఆయన్ని పంపించేసి, హెప్సిబాని చూసి స్టూలు జరిపింది.

హెప్సిబా కూర్చోలేదు. నిలబడే, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేసింది. అమ్మ ఈస్టరయ్యాక వద్దామనుకుంది. సెలైనుతో వస్తానంది. నేనే టైముందన్నాను. నీ గొంతు గుర్తుపట్టింది, నర్సని చెప్పాను. ఆఖర్న తలుపు తియ్యమని నిన్నే పిలిచింది, నిన్నే పిన్నీ!

పిన్ని బీపీ పట్టీ మడుస్తూ మడుస్తూ ఆగింది. "నన్నెందుకు ఆపావే ఆ రోజు?"

"నువ్వు నిజం చెప్పేస్తావని."

"ఓహో." పిన్ని పట్టీ విప్పి, మళ్ళీ మడిచింది. "మా అమ్మకి చెప్పాక ఇంకే పేషెంటుకీ నా నోటితో చెప్పలేదే నేను. రిటైరయ్యేదాకా. ఎవరన్నా అడిగితే డాక్టరుగారిని అడగండి అని పారిపోయేదాన్ని. ఆ రోజు అక్క దగ్గరికి చెప్పడానికొచ్చాననుకున్నావా? బస్సులో దారంతా ప్రార్థన చేసుకుంటూ వచ్చాను, నోరు జారకూడదు ప్రభువా అని. పుండని చెప్పి ఉంచారని స్టాఫు అన్నారు. అక్క 'పుండే కదే' అంటే 'పుండేలే అక్కా' అందామని వచ్చాను."

రోడ్డు మీద లారీ ఏదో పోయింది. హెప్సిబా స్టూలు మీద కూర్చుంది.

"క్షమించు పిన్నీ."

"ఎందుకు చెప్పావు నాకిదంతా?" పిన్ని బీపీ పట్టీ పక్కన పడేసింది. "అక్క నన్ను అసహ్యించుకుంటూనే పోయిందనుకున్నాను. ఎన్నేళ్ళ నుంచో ఉన్నదే కదా, అలవాటైపోయింది, మోసేసేదాన్ని. ఇప్పుడొచ్చి, నన్ను పిలుస్తూ పోయిందంటున్నావు. దీన్నెక్కడ పెట్టుకోను?"

ఇది పిన్ని కోసం చెప్పిందా, తన కోసం చెప్పిందా అన్నది హెప్సిబాకి తెలియలేదు. గొంతులో మాత్రం మంట అలాగే ఉంది.

పిన్ని లేచి లోపలికి వెళ్ళింది. గడపలో ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది. "మీ నాన్నకి చెప్పకు. ఆయనైనా నిద్రపోనీ. ఇంక వెళ్ళు తల్లీ." తలుపు మూసుకుంది.

గేటు దాటుతుంటే ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావమ్మా?" అయ్యగారి గొంతు. "ఇప్పుడే ఎలీషాగారు వచ్చారు. ఎక్కడెక్కడి ఆసుపత్రుల వాళ్ళో మీ అమ్మ గురించి వినాలంటున్నారంట. నేను వెళ్ళి సాక్ష్యం చెప్పనా? మనం చేసింది సరైనదే కదమ్మా?"

"సరైనదే డాడీ" అంది హెప్సిబా. "నేను ల్యాబులో ఉన్నాను. వెళ్ళి చెప్పండి."

ఆటో కోసం రోడ్డు మీదికి చూసింది. గొంతులో మంట చల్లారిపోయి ఉంది. ఈసారి అబద్ధం చెప్తే ఏమాత్రం నొప్పి వెయ్యలేదు.